పొత్తిగుడ్డ మీద ఎరుపు

మా ఎదురింటి రాజరాజేశ్వరి గారిని మొదట్లో నేను గడప లోపల తప్ప చూడలేదు. ఆవిడ లోపల, నేను బయట. కోకాపేటలో మా టవర్ ఇరవై ఆరో అంతస్తు. మా రెండు తలుపుల మధ్య స్థలాన్ని నేను వరండా అంటాను గాని, అక్కడ ఎండా రాదు, గాలీ రాదు. ఆవిడ తలుపు జానెడు తెరిచి, మూసుకుపోకుండా చెప్పుల స్టాండు అడ్డం పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. నేను మనవణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడేదాన్ని.

"కిందికి పోదాం రండీ, కాసేపు చెట్ల కింద కూర్చుందాం" అని పిలిచినప్పుడల్లా ఆవిడ తన వేళ్లు చూపించేది. వాళ్ల తలుపు వేలిముద్రకు తెరుచుకునే రకం. నలభై ఏళ్లు అంట్లు తోమి, పిండి రుబ్బి, ఆవిడ వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. ఎన్నిసార్లు వేలు పెట్టినా ఆ తాళం ఆవిణ్ణి గుర్తుపట్టదు. అంకెలు నొక్కే పద్ధతి కూడా ఉంది. ఒకసారి కంగారులో తప్పు నొక్కితే సైరన్ మోగింది. కింద నుంచి సెక్యూరిటీ పోచయ్య పరుగెత్తుకొచ్చాడు. మీటింగులో ఉన్న కొడుకు ఫోన్‌లోంచే తలుపు తెరిచి, "అమ్మా, ఇప్పుడు బయటికెందుకు వెళ్లావు?" అన్నాడట. ఉదయ్ భాస్కర్ మంచివాడు, కోప్పడలేదు. కానీ ఆవిడకు గాలి కోసం అని చెప్పుకోవడానికి సిగ్గేసిందట. అప్పటినుంచీ ఇక గడప దాటలేదు.

నా పేరు రాహేలు. గుంటూరులో గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి జెస్సికాకి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం. దాని ఆర్నెల్ల కొడుక్కి ఊరికే ఆయాసం వస్తుంది, అందుకని నేనిక్కడున్నాను. నాకు నోటి దురుసు ఎక్కువని మా ఆసుపత్రిలో అందరూ అనేవాళ్లు. అది నిజమే.

రాజరాజేశ్వరి గారిది ధవళేశ్వరం. భర్త పట్టాభిరామయ్య గారు పోయాక కొడుకు తెచ్చి ఇక్కడ పెట్టుకున్నాడు. మడి మనిషి. పూజ, వంట అయ్యేదాకా ఎవరినీ తాకదు, కన్నకొడుకునైనా సరే. నేను దగ్గరికెళ్తే "అక్కడే ఉండండి రాహేలు గారూ, ఇంకా నైవేద్యం కాలేదు" అనేది. "నాకేం తొందర లేదు లెండి, మీ దేవుడికి ఆకలి తీరాకే వస్తా" అనేదాన్ని. నవ్వేది.

ఆవిడ కోరిక ఒక్కటే. కార్తీకమాసం వస్తే రాజమండ్రిలో అక్కగారు కనకమ్మ ఇంట్లో ఉండి, నెల పొడుగునా గోదావరి స్నానం చేయాలి. నిరుటికి ముందు ఏడు కొత్త ఫ్లాటు గృహప్రవేశం అడ్డొచ్చింది. నిరుడు మనవరాలు రసజ్ఞకు డెంగ్యూ. కనకమ్మ గారికి డెబ్బై ఎనిమిది దాటాయి, గుండె బాగాలేదు. ఈసారి ఎలాగైనా వెళ్లాలని కొడుకు చేత ముందే టికెట్ తీయించుకుంది. సరిగ్గా దసరాకు వాళ్లింటికి కుక్కపిల్ల వచ్చింది. దాన్ని చూసుకునే మనిషి లేదని టికెట్ రద్దయింది.

కాఫీరంగు ఆడ కుక్కపిల్ల, వేలాడే చెవులు. రసజ్ఞ దానికి మోకా అని పేరు పెట్టింది. పొద్దున్నే రసజ్ఞ బడికి, ఉదయ్ భాస్కర్, కోడలు అశ్విని ఆఫీసుకు వెళ్లిపోతే ఆ తలుపు వెనకాల మిగిలేది వీళ్లిద్దరే.

రెండు నెలలు దాటిన కుక్కపిల్ల ఉచ్చ పోయక ఏం చేస్తుంది? గంటకో రెండు గంటలకో ఒకసారి దాన్ని బయటికి తీసుకెళ్లాలి. ఈవిడ తీసుకెళ్లేది ఎలా? ఇల్లు తెరిచిపెట్టి పోలేదు. బయటికొస్తే తలుపు మూసుకుంటుంది, మూసుకుంటే తెరుచుకోదు. అందుకని అది హాల్లో పోసేది, సోఫా పక్కన పోసేది, ఒకరోజు దేవుడి గది గుమ్మంలో పోసింది. దానికి శిక్షణ ఇచ్చే మనిషి న్యూస్‌పేపర్లు పరచమన్నాడు. ఈవిడ ససేమిరా ఒప్పుకోలేదు.

"అక్షరాల మీద పోయించమంటాడేమిటండీ? సరస్వతి కాదూ?" అంది నాతో.

"ఇంగ్లీషు పేపరు పరచండి మరి."

"ఇంగ్లీషైతే మాత్రం అక్షరాలు కావా?"

అంగట్లో కుక్కల కోసం దొరికే, తడి పీల్చే పరుపుల్లాంటివి తెస్తే మోకా వాటిని చింపి పోగులు పెట్టింది. చివరికి ఈవిడే పాత నేత చీరలు చింపి, చంటిపిల్లలకు చేసినట్టు పొత్తిగుడ్డలు చేసింది. తడిసిన గుడ్డ పట్టకర్రతో తీయడం, ఆ చోట పసుపు నీళ్లు చల్లి తుడవడం, గుడ్డలు చేత్తో ఉతకడం, మళ్లీ స్నానం. ఆ పిల్ల తాకితే స్నానం, గుడ్డ తాకితే స్నానం. రోజుకు ఎన్ని స్నానాలు చేసేదో, ఎప్పుడు చూసినా జుట్టు తడిగానే ఉండేది. "ఓసి నీ దుంప తెగ, మళ్లీనా!" అని లోపల ఆవిడ అరవడం నాకు మా గదిలోకి వినిపించేది. గుడ్డలు ఉతికి ఉతికి ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక వారం ఉదయ్ భాస్కర్ లాప్‌టాప్ సంచీ తడిసింది. ఆ మర్నాడు పరుపు. అమ్మినవాళ్లు నెలలోపు తిరిగి తీసుకుంటామన్నారట. "ఆదివారం ఇచ్చేద్దాం. దీనికి ఎంత చెప్పినా రావట్లేదు. జనవరిలో ఇంకోటి ఇస్తామన్నారు" అన్నాడు. రసజ్ఞ గుక్కపెట్టి ఏడ్చింది. కొడుకు తల్లి వైపు తిరిగి, "నువ్వు కూడా నిశ్చింతగా కార్తీకానికి వెళ్లిరా అమ్మా" అని అప్పటికప్పుడు సోమవారానికి టికెట్ తీశాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో వెలుగు చూశాను. పెట్టెలో ఏం పెట్టుకోవాలో, దీపావళికి అక్క ఏం వండుతుందో, గంటసేపు అదే కబురు.

ఇక ఆ శుక్రవారం సంగతి చెప్పాలి. జెస్సికా ఇంటి నుంచే పని చేస్తోంది, పిల్లాడు దాని దగ్గర పడుకున్నాడు. నేను ఊరికే వరండాలోకి వచ్చాను. రాజరాజేశ్వరి గారు కుర్చీలో ఉంది. ఆవిడ కాళ్లకు కాస్త దూరంలో, గడప లోపల పరిచిన తెల్లగుడ్డ మీద మోకా ముడుచుకుని కూర్చుంది. నాలుగు చుక్కలు పడ్డాయి. సన్నగా మూలిగింది. అటు తిరిగి మళ్లీ కూర్చుంది. ఏమీ రాలేదు. వెనక్కి తిరిగి నాక్కుని మళ్లీ కూర్చుంది.

"ఎంతసేపటి నుంచి ఇలా చేస్తోందండీ?" అన్నాను.

"రోజంతా అదే పనండీ దానికి. కావాలని చేస్తుంది."

కావాలని మూలుగుతుందా? ముప్పై నాలుగేళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని. కడుపునిండా నీళ్లు తాగి పోయడం వేరు, మంటతో చుక్కచుక్క పోయడం వేరు. వంగి చూశాను. గుడ్డ మీద తడి అంచున లేత ఎరుపు కనిపించింది. వాసన కూడా మంచిది కాదు.

"ఈ ఎరుపేమిటండీ?"

"పసుపండీ" అంది టక్కున. "సబ్బు తగిలితే పసుపు ఎర్రబడదూ? ఉతికితే గుడ్డలన్నీ అలాగే అయిపోతున్నాయి."

ఆ మాట నిజమే. పసుపు చీరకు సబ్బు రుద్దితే ఎర్రగా తిరుగుతుందని ఏ ఆడదానికైనా తెలుసు. నాకూ తెలుసు. కానీ నా ముందున్నది ఇప్పుడే పరిచిన ఉతికిన గుడ్డ. దాని మీద పసుపు లేదు.

"దీనికి పసుపు ఎక్కడ తగిలిందండీ?" అన్నాను.

ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చాలాసేపు గుడ్డ వైపే చూసింది.

"మంగళవారం నుంచి చూస్తున్నాను" అంది చివరికి. "మొదట నిజంగానే పసుపనుకున్నానండీ. ఒట్టు. బుధవారం గుడ్డ ఉతక్కముందే కనిపించింది. అయినా పసుపే అనుకున్నాను. ఆదివారం ఎలాగూ వెళ్లిపోతుంది కదా, వాళ్లే చూసుకుంటారు కదా అనుకున్నాను. ఇప్పుడు చెబితే ఆసుపత్రంటారు, మందులంటారు, ఇంకో వారం ఉంచుదామంటారు. నా ప్రయాణం మళ్లీ ఆగిపోతుందండీ."

నాకు ఒళ్లు మండింది. కాస్త ఆగి మాట్లాడి ఉండాల్సింది, ఆగలేదు. "ఇంత పెట్టుకుని గోదావరిలో మునిగి ఏం కడుక్కుందామనండీ?" అనేశాను.

ఆవిడ ముఖం మాడిపోయింది. లేచి లోపలికి వెళ్లింది. నేను ఆ జానెడు సందులోంచి చూస్తూ నిలబడ్డాను, ఏం చేయాలో తోచలేదు. కొంచెం సేపటికి మడిచీరలోనే తిరిగొచ్చింది. ఒక తువ్వాలు తెచ్చి, కూర్చుని, మోకాను రెండు చేతులతో ఎత్తి అందులో చుట్టి ఒళ్లోకి తీసుకుంది. అప్పటిదాకా ఆవిడ దాన్ని తాకడం నేను చూసి ఎరగను. అది వణుకుతోంది.

"వేడిగా ఉందండీ దీని ఒళ్లు" అంది. "ఆసుపత్రి ఎక్కడుందో చూడండి."

చెప్పుల స్టాండును కాలితో పక్కకు నెట్టి బయటికొచ్చింది. వెనక తలుపు మూసుకుని, తాళం పడిన చప్పుడైంది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

ఖాజాగూడ రాళ్లగుట్టల దగ్గర ఒక పశువుల డాక్టరున్నాడని జెస్సికా ఫోన్‌లో చూసి చెప్పింది. ఫోన్ చేస్తే, వీలైతే కొంచెం మూత్రం శుభ్రమైన డబ్బాలో పట్టి తెమ్మన్నారు. మా ఇంట్లోంచి ఒక ప్లాస్టిక్ మూత, ఒక చిన్న డబ్బా తెచ్చాను. కుక్కలకు సామాన్లు దింపే సర్వీస్ లిఫ్టే. చెత్త డబ్బాల మధ్య నిలబడి దిగాం. కింద గడ్డిలో మోకాను వదిలి, రాజరాజేశ్వరి గారు మడిచీర కుచ్చిళ్లు బిగించి, దాని వెనక గొంతుక్కూర్చుని మూత పట్టుకుంది.

"ఏంది పెద్దమ్మా, ఏం పట్టుకుంటున్నవ్?" అన్నాడు పోచయ్య, గేటు వదిలి వచ్చి.

"మూత్రం నాయనా."

"గదెందుకు?"

"ఆసుపత్రికి. నువ్వు కాస్త అవతలికి వెళ్లు, నువ్వుంటే అది పోయదు."

పోచయ్య నా వైపు చూశాడు. నేను తలూపాను. వెళ్లి ఆటో పిలుచుకొచ్చాడు.

డాక్టర్ లింగమూర్తి నడివయసు మనిషి. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట కింద మెల్లగా నొక్కితే అది కుయ్యిమంది. డబ్బాలోది పరీక్షకు పంపించాడు.

"నీళ్లు మంచిగ తాగుతుందా అమ్మా?"

"పొద్దున పది దాటాక గిన్నె తీసేస్తామండీ. తక్కువ తాగితే తక్కువ పోస్తుంది కదాని మా కోడలు..."

"అట్ల చెయ్యొద్దు" అన్నాడు ఆయన, నెమ్మదిగానే. "నీళ్లు బందు వెడితే లోపలున్నది చిక్కబడ్తది, మంట ఇంకింత ఎక్కువైతది. చిన్న పిల్ల మాటిమాటికి పోసుడు మామూలే. గని చుక్కలు చుక్కలు పోసి మొత్తుకునుడు మామూలు కాదు. ఇన్ఫెక్షన్ ఉన్నట్టుంది. ఇది తుంటరి పని గాదమ్మా, పాపం, ఆపుకోలేక పోస్తుంది."

రాజరాజేశ్వరి గారు తల దించుకుంది. "నేను దాన్ని దొంగముండ అని తిట్టానండీ" అంది, ఎవరితోనో తెలియకుండా.

పరీక్షలో ఇన్ఫెక్షనే అని తేలింది. మందు రాశాడు. తగ్గినట్టు కనిపించినా మధ్యలో ఆపొద్దన్నాడు, అయ్యాక మళ్లీ పరీక్ష చేయించమన్నాడు. గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి, పగలు రెండు గంటలకోసారైనా కిందికి తిప్పాలి. "పగలు ఇంట్ల ఎవరుంటరు?" అని అడిగాడు.

"నేనేనండీ" అంది ఆవిడ.

అప్పుడే అశ్విని నాకు ఫోన్ చేసింది. తలుపు తెరిచి మూసినట్టు తన ఫోన్‌కు కబురొచ్చిందట, కంగారు పడింది. స్పీకర్‌లో మాట్లాడించాను. సంగతంతా విని "అయ్యో పాపం" అంది. నిజంగానే బాధపడింది. కాసేపాగి, "ఎలాగూ ఎల్లుండి ఇచ్చేస్తున్నాం కదా అత్తయ్యా. ఇన్ఫెక్షన్ అని చెబితే వాళ్లే చూసుకుంటారు. మీరు టికెట్ గురించి దిగులు పెట్టుకోకండి. హాయిగా వెళ్లిరండి" అంది.

అంతే. నోటి దగ్గరికి వచ్చింది ఆవిడ గోదావరి. ఊ అంటే చాలు. ఊ అనండి అని నేను మనసులో అనుకున్నాను కూడా.

ఆవిడ డాక్టరు వైపు తిరిగింది. "తిరిగి ఇచ్చేస్తే వాళ్లు మందులేస్తారాండీ?"

ఆయన మోకా చెవి ఎత్తి లోపల చూస్తున్నాడు. ఆ చెవి చూడటం అయ్యాక రెండోది చూశాడు. "అమ్మెటోళ్ల సంగతి నాకేం తెల్వదమ్మా" అన్నాడు.

రాజరాజేశ్వరి గారు ఫోన్ దగ్గరికి వంగింది. "ఇవ్వొద్దమ్మా. నేను వెళ్లను. టికెట్ రద్దు చేయమని వాడితో చెప్పు."

"నిజంగానా అత్తయ్యా! రసజ్ఞ ఎగిరి గంతేస్తుంది. మీరుండబట్టి సరిపోయింది" అంది అశ్విని.

మీరుండబట్టి సరిపోయిందట. నాకు ఆ ఫోన్ తీసి ఖాజాగూడ చెరువులో విసరాలనిపించింది.

ఆటోలో ఆవిణ్ణి కడిగిపారేశాను. మీ అక్కకు డెబ్బై ఎనిమిదన్నారు, గుండె బాగాలేదన్నారు, మీ కొడుకు, కోడలిలో ఒకరు సెలవు పెట్టుకోలేరా అన్నాను. నేను చూసుకుంటాను మీరు వెళ్లండి అనే మాట నోటిదాకా వచ్చింది. ఇంట్లో పిల్లాడి ఆయాసం గుర్తొచ్చింది. కుక్క వెంట్రుక ఒక్కటి లోపలికొచ్చినా జెస్సికా ఊరుకోదు. మింగేశాను. నేనూ ఒకళ్లకు కట్టుబడిన దాన్నే.

"రాహేలు గారూ" అంది ఆవిడ, తువ్వాలు సర్దుతూ. "మీరు అన్నమాటే నిజమండీ. చూసి కూడా నోరు మూసుకున్నాను. దీన్ని ఆ అమ్మినవాళ్ల దగ్గర పడేసి వెళ్తే నేను ఎక్కడ మునిగినా ఆ పాపం నన్ను వదలదు."

ఆ మాట అన్నది నేనే కదా.

మేం పైకి వచ్చేసరికి అశ్విని ఫోన్‌లోంచే తలుపు తెరిచింది. సాయంత్రం ఉదయ్ భాస్కర్ వచ్చి తల్లి చేతులు పట్టుకున్నాడట. ఆ రాత్రికే ఒక కార్డు తెచ్చి ఇచ్చాడు. తలుపుకు ఆనిస్తే చాలు, తెరుచుకుంటుంది. వేలితో పని లేదు, అంకెలతో పని లేదు. అలాంటి కార్డు ఒకటి ఉంటుందన్న సంగతి ఇన్నాళ్లూ తల్లి కోసం తట్టలేదు, కుక్క కిందికి దిగాలనేసరికి ఒక్క పూటలో తట్టింది. ఆవిడ మాత్రం దాన్ని దారం కట్టి మెళ్లో వేసుకుని మురిసిపోయింది. అప్పటినుంచి రెండు గంటలకోసారి చెత్త డబ్బాల లిఫ్టులో దిగడం, ఎక్కడం.

దీపావళి వెళ్లిన తెల్లవారి కార్తీకం పాడ్యమి. ఆరున్నరకు నేను పిల్లాణ్ణి ఎత్తుకుని కిందికి దిగాను. గడ్డి నిండా కాలిన టపాకాయల కాగితాలు. ఆవిడ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, మోకాను పట్టుకుని నిలబడి ఉంది. చెవి దగ్గర ఫోన్. అవతల కనకమ్మ గారు. రేవులో గంటలు, జనం కేకలు ఫోన్‌లోంచి నాకూ వినిపించాయి.

"రాలేనక్కా" అంటోంది ఈవిడ. "పిల్లకి ఒంట్లో బాలేదు. మందులు వేయాలి. ఇంట్లో ఇంకెవరూ ఉండరు."

అవతలి గొంతు ఏదో అడిగింది.

"రసజ్ఞ కాదక్కా. చిన్నది ఇంకోటుందిలే. తర్వాత చెప్తా. నువ్వు జాగ్రత్తగా మెట్లు దిగు. నా పేరున కూడా ఓ మునక వెయ్యి."

ఫోన్ పెట్టేసింది. అప్పుడే మోకా గడ్డిలో కూర్చుంది. మూలగలేదు. ధారగా పోసి, లేచి, ఒళ్లు విదుల్చుకుని ఆవిడ పాదాల దగ్గరికొచ్చి పడుకుంది.

"చూశారా, నిండుగా పోసింది" అంది. చెప్తూనే ఏడ్చేసింది. నేను ఓదార్చలేదు, పక్కన నిలబడ్డాను. నాక్కూడా ఏడుపొచ్చింది.

కొంగుతో ముఖం తుడుచుకుని, "కుక్కలు ఎన్నాళ్లు బతుకుతాయండీ?" అని అడిగింది.

రోగుల వాళ్లకైనా, ఎవరికైనా, ఆయుష్షు విషయంలో నేను అబద్ధం చెప్పి ఎరగను. "బాగా చూసుకుంటే పన్నెండు పదమూడేళ్లండీ" అన్నాను.

ఆవిడకు అరవై ఏడు. వంగి దాన్ని ఎత్తుకుని సర్వీస్ లిఫ్టు వైపు నడిచింది.

"బాగానే చూసుకుంటాను కదండీ నేను" అంది.